పేరుకి బారసాల ఎప్పుడు?

మా తోడికోడలూ నేనూ కలిసి ఊరగాయల వ్యాపారం పెట్టాం. “తోడికోడళ్ళ పచ్చళ్ళు” అని బోర్డు రాయించాం.

“ఆడవాళ్ళ కాలక్షేపానికి రిజిస్ట్రేషన్ ఎందుకోయ్?” అన్నారు మావారు. నిజమే కాబోలనుకున్నాం.

ఓ కొట్టాయన బాకీ ఎగ్గొట్టాక తెలిసింది. 1932 నాటి భాగస్వామ్య చట్టం రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనదు. చేయించుకోని సంస్థ మాత్రం అలాంటి బాకీకి దావా వెయ్యలేదంటుంది, 69వ సెక్షన్లో!

ఫారంలో అడిగేదెంతని? సంస్థ పేరు, చోటు, కాలపరిమితి, భాగస్వాముల పేర్లు, చిరునామాలు, చేరిన తేదీలు. ఆపైన అందరి సంతకాలూ. అంతేగా!

పుట్టిన పిల్లకి ఇరవై ఒకటోనాడే బారసాల చేస్తాం. చేతులు మండేలా కారం కలిపి పెంచిన వ్యాపారానికి చెయ్యమేం? కాలక్షేపమైతే బాకీ వదులుకోవచ్చు. మాది కష్టార్జితం సుమండీ!