తీగె మాయమైతే పంజరం మాయమైనట్లేనా?

ఛాయాగ్రహణం అభ్యసించే విద్యార్థికి జంతు ప్రదర్శనశాల మంచి పాఠశాల. అడవిలో పక్షి మన కొరకు ఆగదు, ఇక్కడ ఆగుతుంది. 1963లో హైదరాబాదులో మీరాలం చెరువు చెంత ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు కెమెరాతో వెళ్ళిన మిత్రులందరికీ ఇది అనుభవమే.

పక్షికీ మనకూ నడుమనున్న ఇనుప వలను చిత్రంలో కనబడకుండా చేయడమే అక్కడ నేర్వవలసిన ప్రధాన విద్య. అందుకు టెలిఫోటో లెన్సు సాధనం. సందర్శకుల కొరకు కట్టిన కటకటాలు దాటకుండానే 300 మిల్లీమీటర్ల లెన్సును వలకు వీలైనంత చేరువగా పట్టుకోవాలి. ఎపర్చరును ఎఫ్ 4 వరకో, 5.6 వరకో విశాలంగా తెరవాలి. పక్షి వలకు దూరంగా వెనుకకు జరిగేదాకా ఓపిక పట్టాలి. చేతి వణుకు చిత్రంలో చేరకుండా షట్టరును సెకనులో 500వ వంతుకు అమర్చి, పక్షి కన్నుపై దృష్టి నిలపాలి. అప్పుడు దగ్గరి తీగె పలుచని పొగవలె విడిపోయి అదృశ్యమవుతుంది. ఎండ పడిన తీగె తెల్లని మసకగా మిగులుతుంది కనుక నీడనున్న చోటును వెదకాలి. ఫ్లాషు వాడరాదు; ఆ వెలుగు తీగెపై మెరుస్తుంది, పక్షి బెదురుతుంది.

ఇంతవరకు కళ. ఇటు పిమ్మట నీతి.

ఈ విధంగానే నేను తీసిన గుడ్లగూబ చిత్రాన్ని ఒక ప్రదర్శనలో చూచి, చిన్న తరగతి విద్యార్థి ఒకడు "ఇది ఏ అడవిలో తీశారు, భాయ్?" అని అడిగాడు. నేను నవ్వి ఊరకున్నాను. నోటితో అబద్ధమాడలేదు, కాని ఆ నవ్వు అబద్ధమే.

చిత్రకారుడు తనకు అక్కరలేనిదానిని వదలివేయడం లేదా అని కొందరు వాదిస్తారు. నిజమే. అయితే చిత్రకారుని కుంచె సాక్ష్యం చెప్పదు. ఛాయాచిత్రాన్ని లోకం సాక్ష్యంగా స్వీకరిస్తుంది. ఆ నమ్మకమే దాని విలువ. పులికాట్ సరస్సు చేరువనున్న నేలపట్టులో తెల్లవారుజాము నుండి గూడబాతుల కొరకు కాచుకొన్నవాని శ్రమను, పంజరం ముందు అరగంట నిలిచినవాడు పేరు లేని చీటీతో అపహరించడం న్యాయమా?

ఈ విషయంలో లోకం కఠినంగానే ఉన్నది. లండన్‌లో జరిగే ప్రసిద్ధ వన్యప్రాణి ఛాయాచిత్ర పోటీలో 2009 సంవత్సరపు ప్రథమ బహుమతి పొందిన తోడేలు చిత్రాన్ని, అది మచ్చిక చేసిన జంతువు కావచ్చునని నిర్ణయించి 2010 జనవరిలో తొలగించారు. తీసినవారు ఆ ఆరోపణను అంగీకరించకపోయినా తీర్పు మారలేదు.

ప్రదర్శనశాలలో తీసిన ప్రతి చిత్రమూ బందీ చిత్రమేనని కూడా అనలేము. ఢిల్లీ జంతు ప్రదర్శనశాలలోని చెరువు చెట్లపై 1960 నుండి అడవి ఎర్రకాళ్ళ కొంగలు తమంత తాముగా వచ్చి గూళ్ళు కడుతున్నాయి. అక్కడ ఒకే ఆవరణలో స్వేచ్ఛ, బంధనం రెండూ ఉన్నాయి. ఏది ఏదో చెప్పగలవాడు తీసినవాడొక్కడే.

1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసిన సలీం అలీ వంటి శాస్త్రజ్ఞుల పద్ధతి మనకు మార్గదర్శకం కావాలి. ఎక్కడ, ఎప్పుడు దొరికినదో తెలిపే చీటీ లేని నమూనా శాస్త్రానికి కొరగాదు. చిత్రానికీ అదే ధర్మం.

కనుక కళాశాల కమిటీవారికి నా మనవి ఒక్కటే. మన ప్రదర్శనలలో ప్రతి చిత్రం క్రింద పక్షి పేరు, స్థలం, తేదీతో పాటు "స్వేచ్ఛలో" లేక "బంధనంలో" అను ఒక్క మాట వ్రాయించండి. ఇందుకు అదనపు ఖర్చేమీ లేదు. విద్యార్థి మిత్రులారా! వలను లెన్సుతో మాయం చేయండి, అది మీ నేర్పు. కాని చీటీపై మాత్రం దానిని మరల వ్రాయండి. నా గుడ్లగూబ చిత్రం క్రింద ఆ మాట నేను ఇప్పటికే వ్రాశాను.