నమ్మకం ఒక్కటే చాలునా?

మా కమ్మర్‌పల్లిలో పసుపు అమ్మేటప్పుడు కొమ్ములు వేరు, గోళ వేరు చేస్తాం. రెండూ కలిపి నిజామాబాద్ మార్కెట్టుకి తీసుకెళితే నవ్విపోరూ? ఇంత తెలిసిన వాళ్ళం, మంచం పట్టిన మనిషికి తోడు కుదుర్చుకునేటప్పుడు మాత్రం ఒక్కటే అడుగుతాం: "నమ్మకమైన మనిషేనా?"

మా అత్తమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు నేనూ అదే అడిగాను. దుబాయిలో ఉన్న మావారూ ఫోనులో అదే అడిగారు. కుదిరిన ఆయమ్మ నిజంగా బంగారం. పూచికపుల్ల ముట్టదు. అంతమాత్రాన ముక్కుగొట్టంలో జావ పోయడం ఆమెకు వచ్చునని ఎవరు చెప్పారు? మేమే అనేసుకున్నాం! పాపం, పడుకోబెట్టే పోసింది. ఆ రాత్రి దగ్గు తెరలో అత్తమ్మ పెదాలు నీలమైపోయాయి. గొట్టం కడుపులోనే ఉందో లేదో ముందు చూడాలనీ, తలవైపు బాగా ఎత్తిపెట్టి పోయాలనీ, లేకపోతే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ ఆస్పత్రికి పరుగెత్తాక తెలిసింది. అందరూ ఆయమ్మనే తిట్టారు. తప్పు నాదండీ!

గొట్టాలకూ, ఇంజక్షన్లకూ, పుళ్ళకూ నర్సు కావాలి. పడిపోయిన చెయ్యీ కాలూ కదిలించడానికి ఫిజియోథెరపిస్టు కావాలి. స్నానానికీ, పక్క మార్చడానికీ, పలకరింపుకీ ఆయమ్మ కావాలి. నర్సు చదువు మూడేళ్ళు, ఏఎన్ఎం చదువు రెండేళ్ళు ఊరికే పెట్టారా? తెల్లకోటు తొడుక్కున్నవాళ్ళంతా నర్సులు కారు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషను చూపించమనడానికి మొహమాటమెందుకు?

"గింత దానికి నర్సమ్మ ఎందుకు వదినా? పుండుకు పసుపు అద్దితే సరిపాయె!" అంటుంది మా ఎదురింటావిడ. పసుపు పండించేదాన్ని గనకే చెబుతున్నాను, మన పసుపు కూరలోకి. మంచంపుండు రాకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. వచ్చిందా, నర్సుకి చూపించాలి.

"రోజంతా నర్సుని పెట్టుకునే స్తోమత మాకెక్కడిది?" అంటారా? రోజంతా అక్కర్లేదు. పనిపడినప్పుడు వచ్చి చేసి, మిగతాది పక్కనున్నవాళ్ళకు నేర్పి వెళుతుంది. ఇక ఆ పక్కనున్న ఆయమ్మ చేత అంట్లు తోమించి, బట్టలుతికించి, "వేళకి పక్క మార్చలేదేం?" అని నిలదీయడం ఏం న్యాయం?

అందుకే మనిషిని వెతికేముందు, మంచం మీదున్నవారికి పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం చెయ్యాలో కాగితం మీద రాసుకోండి. ఏ పనికి ఎవరు కావాలో ఆ కాగితమే చెబుతుంది. నమ్మకం సంగతి ఆ తర్వాత.

మా ఆయమ్మ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. నర్సు దగ్గర అన్నీ నేర్చుకుంది. నేను తలగడ ఎత్తడం మరిచిపోతే, ఇప్పుడు నన్నే కసురుతోంది!