గీత ఒక్కటే, దారులు వేరు

చలి ముదిరే రోజుల్లో మన జిల్లాల్లో బాలికల క్రాస్ కంట్రీ ఎంపిక పోటీలు మొదలవుతాయి. జిల్లాలో ముందు నిలిచినవారు రాష్ట్ర పోటీకి, అక్కడ నెగ్గినవారు జాతీయ పోటీకి వెళ్తారు. భారత అథ్లెటిక్స్ సమాఖ్య జాతీయ పోటీని సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో నిర్వహిస్తుంది. 16 ఏళ్ల లోపు బాలికలు 2 కిలోమీటర్లు, 18 ఏళ్ల లోపువారు 4 కిలోమీటర్లు, 20 ఏళ్ల లోపువారు 6 కిలోమీటర్లు పరుగెత్తాలి. క్రీడల పేజీలో మూడు పంక్తులకు మించని ఈ పోటీ గురించి కుల ప్రశ్నలు చర్చించే పేజీలో రాయడానికి నాకొక కారణం ఉంది. రిజర్వేషన్ల చర్చ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పరుగు పందేన్ని ఉదాహరణగా తెస్తారు. అందరూ ఒకే గీత నుంచి పరుగెత్తాలి, ముందు వచ్చినవాడిదే ప్రతిభ అంటారు. ఆ ఉదాహరణను అసలైన పందెం దగ్గరకు తీసుకెళ్లి పరీక్షిద్దాం.

ట్రాక్ మీద జరిగే పందేనికీ క్రాస్ కంట్రీకీ మౌలికమైన తేడా ఉంది. ట్రాక్ చుట్టుకొలత ప్రపంచమంతటా 400 మీటర్లే. క్రాస్ కంట్రీ గడ్డి మీద, మట్టిలో, మిట్టపల్లాల మీద సాగుతుంది. ఒక ఊరి మైదానం చదును, మరో ఊరిది ఎగుడుదిగుడు. ఒకచోట వాన పడి బురద, మరోచోట కాళ్లు దిగబడే ఇసుక. అందుకే ఈ క్రీడలో ప్రపంచ రికార్డులు లేవు. ఒక మైదానంలో 14 నిమిషాల్లో వచ్చిన అమ్మాయి, మరో మైదానంలో 15 నిమిషాల్లో వచ్చిన అమ్మాయి కంటే గొప్పదని ఈ ఆటను ఎరిగినవారెవరూ అనరు. దారి ఎలాంటిదో తెలియకుండా గడియారాన్ని నమ్మకూడదన్నది ఇక్కడ మొదటి పాఠం.

ఇంత చిన్న న్యాయం మన విద్యావ్యవస్థకు ఇంకా పట్టుబడలేదు. కార్పొరేట్ కళాశాలలో రెండేళ్లు పగలూ రాత్రీ శిక్షణ పొందిన విద్యార్థి ర్యాంకునూ, సెలవుల్లో పత్తి ఏరి, మిగిలిన రోజుల్లో చదివిన విద్యార్థిని ర్యాంకునూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే మైదానంలో తీసిన సమయాలన్నట్టు మాట్లాడతాం. 1965 జూన్ 4న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నల్లజాతి విద్యార్థులు చదివే హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ ఇదే ఉపమానాన్ని తిరగేశాడు. ఏళ్ల తరబడి సంకెళ్లలో ఉన్న మనిషిని విడిపించి, పందెం గీత దగ్గర నిలబెట్టి, ఇక అందరితో పోటీపడమనడం న్యాయం అనిపించుకోదన్నది ఆయన మాటల సారాంశం. ఆయన సంకెళ్ల గురించి మాట్లాడాడు. క్రాస్ కంట్రీ దానికి మరో అంశాన్ని జోడిస్తుంది: గీత దాటిన తర్వాత కూడా దారులు ఒకటి కావు. వెడల్పైన గీత మీద వందమంది నిలబడతారు. కొన్ని వందల మీటర్లు దాటేసరికి దారి ఇరుకవుతుంది. మొదట్లో చోటు దొరకనివారు మోచేతుల మధ్య చిక్కుకుని, ఎంత సత్తువ ఉన్నా ముందుకు పోలేరు.

ఆ గీత దగ్గరకు వచ్చే అమ్మాయిలు ఎవరు? ఈత నేర్వాలంటే కొలను కావాలి, టెన్నిస్‌కు కోర్టూ రాకెట్టూ కావాలి. దూరపు పరుగుకు పొలం గట్టు, తెల్లవారుజాము చాలు. అందుకే పేద కులాల పిల్లలకు అందుబాటులో ఉన్న కొద్ది క్రీడల్లో ఇదొకటి. నాసిక్ జిల్లా సావర్‌పాడా అనే ఆదివాసీ గ్రామం నుంచి వచ్చిన కవితా రౌత్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్ల పరుగులో కాంస్యం, అదే ఏడాది గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. కరవు పీడిత మాణ్ తాలూకా నుంచి వచ్చిన లలితా బాబర్ 2016 రియో ఒలింపిక్స్‌లో స్టీపుల్‌ఛేజ్ ఫైనల్ పరుగెత్తింది. మన దగ్గర సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన నందిని అగసర హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం సాధించింది. వీరి విజయాలను పేదరికాన్ని జయించిన గాథలుగా చెప్పుకొని చప్పట్లు కొడతాం. ఒక హాస్టలు, ఒక మైదానం, పూట తప్పని భోజనం, పట్టించుకునే ఒక శిక్షకుడు దొరికితే ఎంతమంది నందినులు వస్తారన్న లెక్క మాత్రం వేయం.

ఇక శరీరం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల బాలికల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. మహిళలందరినీ కులాల వారీగా చూస్తే ఆదివాసీలలో అది ఇంకా ఎక్కువ. దూరపు పరుగు పూర్తిగా ప్రాణవాయువు మీద ఆధారపడిన ఆట. ఊపిరితిత్తుల నుంచి కండరాలకు ప్రాణవాయువును మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్, దానికి కావలసింది ఇనుము. రక్తం పలచబడిన అమ్మాయి మూడో కిలోమీటరులో వెనకబడితే అందులో పట్టుదల లోపం ఏమీ లేదు. ఆమె తల్లి గర్భంతో ఉన్నప్పుడు తిన్న తిండి, ఆ ఇంట్లో ఎవరు చివర తింటారన్న ఆచారం, బడిలో వారంవారం అందాల్సిన ఐరన్ మాత్ర అందిందా లేదా అన్నది, ఇవన్నీ ఆ మూడో కిలోమీటరులో బయటపడతాయి.

వయసు పెరిగేకొద్దీ పోటీదారులు తగ్గిపోవడానికి ఇంకో కారణం ఉంది. అదే సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 16 ఏళ్ల లోపు పోటీలో పరుగెత్తిన అమ్మాయి 18 ఏళ్ల లోపు పోటీకి రాకపోతే, గాయమైందేమోనని అధికారులు అనుకోవచ్చు. పదో తరగతి కాగానే చదువు మాన్పించారేమోనని కనుక్కునే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

ఆడపిల్లలకు దూరం పనికిరాదన్న భావనకూ ఒక చరిత్ర ఉంది. 1928 ఆంస్టర్‌డ్యామ్ ఒలింపిక్స్‌లో మహిళలు 800 మీటర్లు పరుగెత్తాక, వారి శరీరాలు తట్టుకోలేవంటూ ఆ పోటీని తీసేశారు. అది తిరిగి వచ్చింది 1960లో. మహిళల మారథాన్‌కు 1984 వరకు ఆగాల్సి వచ్చింది. ప్రపంచ క్రాస్ కంట్రీలో పెద్దల విభాగంలో స్త్రీ పురుషుల దూరం సమానమైంది 2017లోనే. ఇప్పటికీ 20 ఏళ్ల లోపు యువకులకు 8 కిలోమీటర్లు, యువతులకు 6. నాట్లు వేసి, కట్టెలు మోసి, నీళ్ల కోసం మైళ్లు నడిచిన మాల, మాదిగ, లంబాడా, కోయ స్త్రీలను ఈ పని మీ శరీరం తట్టుకోదని ఏ ఆసామీ ఏనాడూ ఆపలేదు. కూలి పనికి అడ్డురాని సున్నితత్వం పతకం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు గుర్తొస్తుందో ఆలోచించాలి.

గెలిస్తే కులం మాసిపోతుందా? 2016లో పి.వి. సింధు ఒలింపిక్ రజతం గెలిచినప్పుడు ఇంటర్నెట్‌లో ఆమె కులం కోసం వెతికినవారిలో తెలుగు రాష్ట్రాలవారు ముందున్నారని పత్రికలు రాశాయి. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి భారత మహిళా హాకీ క్రీడాకారిణి వందనా కటారియా. జట్టు సెమీఫైనల్‌లో ఓడిన రోజు హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడారంటూ దూషించారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు కేసు పెట్టారు. గెలిచినవారిని తమ కులంలో కలుపుకోవాలని వెతుకులాట, ఓడినవారిని వారి కులం పేరుతో తిట్టడం, రెండూ ఒకే జబ్బు లక్షణాలు.

విశ్వవిద్యాలయంలో నేను పాఠం చెప్పే తరగతుల్లో గురుకులాల నుంచి వచ్చిన అమ్మాయిలు ఉంటారు. ప్రతిభ అనే మాట వినగానే వారు తల దించుకోవడం నేను చూశాను. వారికి ఈ క్రీడలోని జట్టు లెక్కను చెబుతుంటాను. అమెరికా ఉన్నత పాఠశాలల పోటీల్లో ఒక జట్టు నుంచి ఏడుగురు పరుగెత్తితే, ముందు వచ్చిన ఐదుగురి స్థానాలను కూడతారు. తక్కువ మొత్తం వచ్చిన జట్టు గెలుస్తుంది. ఒక బడి అమ్మాయిలు 1, 2, 3, 30, 40 స్థానాల్లో వచ్చారనుకోండి, మొత్తం 76. మరో బడివారు 10, 12, 14, 16, 18 స్థానాల్లో వస్తే మొత్తం 70. మొదటి మూడు స్థానాలూ పోగొట్టుకున్న రెండో బడిదే విజయం. అక్కడి శిక్షకులు ఐదో అమ్మాయి మీద ఎంతో శ్రద్ధ పెట్టేది అందుకే. ఒక సమాజాన్ని దాని తొలి ముగ్గురితో కొలవాలా, ఐదో మనిషితో కొలవాలా అన్నదే సామాజిక న్యాయ చర్చలో మనం తేల్చుకోవాల్సింది.

చేయాల్సిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. ఎంపికకు నెల ముందే ప్రతి అమ్మాయికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి, లోపం ఉన్నవారిని తొలగించకుండా చికిత్స చేయించాలి. బూట్లు, ప్రయాణ ఖర్చు పోటీకి ముందే అందాలి. మారుమూల తండాలకూ గూడేలకూ ఎంపిక సమాచారం సకాలంలో చేరాలి. మైదానంలో తలుపున్న మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉండాలి. ఒక ఏడాది పరుగెత్తి మరుసటి ఏడాది రాని అమ్మాయిల జాబితా తీసి, వారి ఇళ్లకు వ్యాయామ ఉపాధ్యాయులు వెళ్లాలి. పోటీలో పాల్గొన్నవారి సామాజిక వర్గాల వివరాలను, పేర్లు లేకుండా, ప్రభుత్వం ఏటా ప్రకటించాలి. లెక్క లేనిచోట అన్యాయం కనబడదు.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఈ సీజన్‌లో మీ జిల్లాలో జరిగే పోటీకి ఒక ఉదయం వెళ్లండి. మొదట వచ్చిన అమ్మాయికి చప్పట్లు కొట్టాక ఇంటికి తిరిగిపోకండి. చిట్టచివరి అమ్మాయి గీత దాటేదాకా నిలబడి, ఆమె ఏ ఊరి నుంచి వచ్చిందో, పొద్దున ఏం తిన్నదో, వచ్చే ఏడాది మళ్లీ వస్తుందో లేదో అడగండి. ఆ జవాబులు విన్న తర్వాతే ప్రతిభ మీద వాదనకు కూర్చోండి.