చల్లనీళ్ల పైపు: దిల్‌సుఖ్‌నగర్‌కు కాదు, కోహెడకు

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి చూడండి. బట్టల షాపులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. గోడగోడకూ వేలాడే ఏసీ డబ్బాలు లోపలి వేడిని తెచ్చి, బస్సు కోసం నిలబడ్డవాళ్ల ముఖాన కొడుతుంటాయి.

ఎవరి డబ్బా వాళ్లు పెట్టుకోకుండా, మంచినీళ్లు ఇచ్చినట్టే చల్లనీళ్లనూ పైపుల్లో ఇవ్వడమే డిస్ట్రిక్ట్ కూలింగ్. ఒకచోట నీళ్లను చల్లబరిచే పెద్ద యంత్రాలు, అంటే చిల్లర్లు ఉంటాయి. దాదాపు ఆరు డిగ్రీల నీళ్లు భూమిలోని పైపుల గుండా భవనాలకు వెళ్లి, అక్కడి వేడిని మోసుకుని తిరిగొస్తాయి. వాడుకున్నంతకే మీటరు. ఆఫీసుకు పగలు, సినిమా హాలుకు సాయంత్రం, ఇంటికి రాత్రి చల్లదనం కావాలి. అందుకే ఎవరికివారు కొనే యంత్రాలన్నీ కలిపితే వచ్చే సామర్థ్యం కన్నా ఉమ్మడి ప్లాంటు చిన్నదైనా సరిపోతుంది. రాత్రి చల్లబరిచిన నీళ్లను ట్యాంకుల్లో దాచి, కరెంటుకు గిరాకీ పెరిగే వేళ వాడుకోవచ్చు. ఇది కొత్త విద్యేం కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1962 నుంచీ ఉంది. మన దేశంలో గుజరాత్ గిఫ్ట్ సిటీ దీనికి దారి చూపింది.

తెలుగు రాష్ట్రాల్లోనూ రెండుసార్లు కాగితం దాకా వచ్చింది. అసెంబ్లీ, హైకోర్టు, సచివాలయాలను చల్లబరిచేందుకు 2019 ఫిబ్రవరిలో అమరావతి సీఆర్‌డీఏ, అబుదాబికి చెందిన తబ్రీద్ సంస్థతో 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. సామర్థ్యం 20 వేల టన్నులు. (ఏసీ టన్ను బరువు కాదు, టన్ను మంచు ఒక రోజంతా కరుగుతూ పీల్చుకునే వేడి.) మూడు నెలలకే ప్రభుత్వం మారింది, రాజధాని పనులు ఆగాయి. 2023 ఫిబ్రవరిలో అదే సంస్థ హైదరాబాద్ ఫార్మా సిటీకి 1,25,000 టన్నుల వ్యవస్థ కోసం తెలంగాణతో అవగాహన ఒప్పందం కుదుర్చుకుంది. పెట్టుబడి 20 కోట్ల డాలర్లన్నారు. డిసెంబరులో ఇక్కడా ప్రభుత్వం మారింది. ఫార్మా సిటీ బదులు ఇప్పుడు వినిపిస్తున్నది ఫ్యూచర్ సిటీ పేరు. రెండుచోట్లా చిల్లరు చెడలేదు, పైపు పగల్లేదు. ముప్పై ఏళ్లు ఈ నీళ్లు నేను కొంటానని నిలబడే ఖాతాదారే లేకుండా పోయాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ ఖాతాదారును వెతకడం వృథా. గోడ ఒకరిది, షాపు ఇంకొకరిది, కరెంటు బిల్లు మూడో మనిషిది. రోడ్డు కింద నీటి పైపులు, డ్రైనేజీ, కేబుళ్లు, పైన మెట్రో. ఎల్బీనగర్ దాకా ఇదే తంతు.

అబ్దుల్లాపూర్‌మెట్ మండలం కథ వేరు. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఖాళీ చేయించి, ఆ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. మార్కెట్ ఈ మండలంలోని బాటసింగారానికి చేరింది, అదీ తాత్కాలికంగానే. శాశ్వత మార్కెట్‌కు ఇదే మండలంలోని కోహెడలో 178 ఎకరాలు కేటాయించారు. 2020 మేలో అక్కడే గాలివానకు మార్కెట్ కోసం వేసిన తాత్కాలిక షెడ్లు కూలాయి. శాశ్వత మార్కెట్ కట్టినప్పుడు మామిడి, అరటి మాగబెట్టే గదులు, గోదాములు, ఆఫీసులు ఒకే ఆవరణలో ఉంటాయి. యజమాని ఒక్కరే: మార్కెటింగ్ శాఖ. రోడ్లింకా తవ్వేది ఉంది. మాగే గదులకు ఆరు డిగ్రీల నీళ్లు చాలు. సున్నా దగ్గర ఉంచాల్సిన ఆపిల్‌కు మాత్రం విడిగా యంత్రం పెట్టుకోవాల్సిందే.

చిక్కు నీళ్లతోనే. కూలింగ్ టవర్లు నీటిని ఆవిరి చేసి వేడిని వదిలించుకుంటాయి. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైకి తోడి సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కు తెచ్చే కృష్ణా నీళ్లను ఈ పనికి తగలేయడం తప్పు. ఇటు నాగోలులో శుద్ధి చేసిన మురుగునీళ్లు మూసీలో కలిసిపోతున్నాయి. వాటిని కోహెడ దాకా తేవడానికి ఖర్చవుతుంది, నిజమే. మార్కెట్‌లో పండ్లు, నేల కడిగిన నీళ్లను అక్కడికక్కడే శుద్ధి చేస్తే ఆ ఖర్చు కొంతైనా తగ్గుతుంది. టవర్లకు ఏ నీళ్లు వాడాలో ఒప్పందంలోనే రాసి తీరాలి, తర్వాత ఎవరూ పట్టించుకోరు.

ఒప్పందం మీద సంతకం ప్రభుత్వానిది కాకుండా, మార్కెట్ ఆదాయంలోంచే బిల్లు కట్టగల మార్కెట్ కమిటీది కావాలి. కోహెడ మ్యాపు గీసేవాళ్లకు ఒక్క విన్నపం: సిమెంటు రోడ్డు వేయకముందే, దాని కింద రెండు పైపులకు జాగా వదలండి.