ట్రెడ్‌మిల్లుపై గజస్నానం

రాత్రి విందులో కంఠం వరకు భుజించి, ‘రేపు ఉదయం ఒక గంట ఎక్కువ నడిస్తే సరి’ అనుకోవడం నేడు విద్యావంతుల ఇళ్లలో నిత్యవ్యవహారం. ఈ మాటలో ఆరోగ్యచింత ఉన్నట్లు తోస్తుంది. నిజానికి ఇది ప్రాయశ్చిత్తాన్ని ముందే సిద్ధం చేసుకుని, ఆ ధైర్యంతో అపరాధానికి పూనుకునే బుద్ధి. నామబలాన్ని నమ్ముకుని పాపానికి ఒడిగట్టడాన్ని దశవిధ నామాపరాధాలలో ఒకటిగా పెద్దలు పరిగణించారు. భగవన్నామమే ఇవ్వని ఆ వెసులుబాటు ట్రెడ్‌మిల్లుకు ఎక్కడినుండి వచ్చింది?

శ్రీమద్భాగవతం షష్ఠస్కంధం ప్రథమాధ్యాయంలో పరీక్షిత్తు శుకమహర్షిని అడిగినది ఇదే. ప్రాయశ్చిత్తం చేసుకున్నవాడు మళ్లీ అదే పాపం చేస్తున్నప్పుడు, స్నానం చేసి ఒంటిపై దుమ్ము చల్లుకునే ఏనుగు శౌచంవలె అది వ్యర్థం కాదా అని రాజు సందేహం. శుకుడు ఆ ఆక్షేపణను కాదనలేదు. కర్మను కర్మతో సమూలంగా తొలగించడం సాధ్యం కాదని, విచారణయే ప్రాయశ్చిత్తమని చెప్పి, వెంటనే ఆహారాన్నే ఉపమానంగా తీసుకున్నాడు: పథ్యాన్నమే భుజించేవానిని వ్యాధులు లొంగదీయలేవు. ఆ ఉపమానంలో వ్యాయామప్రసక్తి లేదు.

గణితానికైనా ఈ వాదం నిలవదు. గ్రాము కొవ్వులో 9 కిలోకాలరీలు. బొబ్బట్లపై ధారగా పోసిన నెయ్యి 30 గ్రాములనుకుంటే దాదాపు 270. సుమారు 65 కిలోల మనిషి గంటసేపు సాధారణవేగంతో నడిచినా వ్యయమయ్యేది రమారమి అంతే, లేదా అంతకు తక్కువే. బొబ్బట్ల లెక్క ఇంకా మొదలుకాలేదు.

ఆయుర్వేదం పేరు చెప్పి ఈ అలవాటును సమర్థించేవారు అష్టాంగహృదయం తెరిచి చూడాలి. దినచర్యాధ్యాయంలో వాగ్భటుడు వ్యాయామాన్ని ప్రశంసించాడు. బలవంతుడైనా అర్ధశక్తికి మించరాదన్నాడు. వ్యాయామాన్ని వర్జించవలసినవారిలో బాలురు, వృద్ధులతోపాటు అజీర్ణిని కూడా చేర్చాడు. తిన్నది అరగక వ్యాయామశాలకు పరుగెత్తేవాణ్ణి ఆచార్యుడు గుమ్మం దగ్గరే ఆపుతున్నాడన్నమాట! అతిగా శ్రమించేవానికి ఆయన ఇచ్చిన పోలిక ఏనుగును ఈడ్వబోయి నశించే సింహం. ఆయనే మాత్రాశితీయాధ్యాయంలో కుక్షిని నాలుగు భాగాలు చేసి, రెండింటిని అన్నానికి, ఒకదానిని ద్రవానికి కేటాయించి, నాలుగవదానిని వాయుసంచారానికి విడిచిపెట్టమన్నాడు. ఈ నియమం విస్తరి ముందు కూర్చున్నప్పుడు పాటించవలసినది. విస్తరి ఎత్తిన తరువాత కాదు.

‘శ్రమించేవాడు ఎక్కువ తినడా?’ అని పూర్వపక్షం. తింటాడు, తినాలి. పగలంతా నాట్లు వేసి వచ్చిన మనిషికి శ్రమ ఆకలిని పుట్టించింది, ఆకలి అన్నాన్ని కోరింది. ఇక్కడ క్రమం తలక్రిందులు. జిహ్వ అన్నాన్ని కోరింది. అన్నం భయాన్ని, భయం శ్రమను పుట్టించాయి.

చెడేది దేహమొక్కటే అయితే ఇంత వ్రాయనవసరం లేదు. అన్నాన్ని నిందించరాదని తైత్తిరీయ భృగువల్లి వ్రతంగా విధించింది. ఈ లెక్కల మనిషికి అన్నం నేరం, వ్యాయామం శిక్ష. లడ్డూకు ఇన్ని మెట్లు, పూరీకి ఇన్ని గుంజీళ్లు అని తమకు తామే శిక్షాస్మృతి వ్రాసుకున్న యువతీయువకులలో కొందరు అన్నద్వేషానికి, కఠినోపవాసాలకు, అక్కడినుండి మళ్లీ అతిభోజనానికి జారుతున్నారు. ఈ వలయం ముదిరితే వైద్యులు దానిని రోగంగానే గుర్తిస్తారు. అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయంలో కృష్ణుడు ఒకే శ్లోకంలో చెప్పాడు. ఆ ఇద్దరూ ఒకే దేహంలో, ఆదివారం ఒకడు, సోమవారం మరొకడుగా వంతులవారీగా కాపురం చేయగలరని మన ప్రవచనకారులు ఎందుకో చెప్పడం లేదు.