కోత పెట్టినారు, నడక ఎవరు నేర్పాల?

సెరిబ్రల్ పాల్సీ బిడ్డకు మడమ నరం సాగదీసే ఆపరేషన్ చేస్తే పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. కోత సరిచేసేది బిగుసుకున్న కాలినే, మెదడుకు తగిలిన దెబ్బను కాదు. వారాల తరబడి పిండికట్టులో ఉన్న కాలు, కట్టు విప్పినాక మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. పట్టుకొని నిలబడే బిడ్డ కూలబడతాడు. ఇది మామూలేననీ, నెలల తరబడి రోజూ వ్యాయామం చేయిస్తేనే బలం వస్తాదనీ తల్లికి ముందే చెప్పాల. చెప్పకుంటే గేరిలో ‘కోయించి చెడగొట్టుకున్యారు’ అంటారు, ‘కర్మ’ అంటారు.

కర్మ కాదు, కూలి అంటాం మేము. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు దాదాపు 40 కిలోమీటర్లు. బిడ్డను చంకనేసుకొని పోయొస్తే ఆ దినం కూలి పాయె. వారానికి మూడుసార్లు రమ్మంటే ఏ కూలితల్లి పోగలదు? మానుకుంటే ‘శ్రద్ధ లేదు’ అంటారు. ఈలోగా బిడ్డ ఎదుగుతాడు, పట్టీ పొట్టిదైపోతాది, కండరం మళ్లీ బిగుస్తాది.

పేరు మాత్రం ‘దివ్యాంగులు’ అని గొప్పగా పెట్టినారు! 2016 వికలాంగుల హక్కుల చట్టం 27వ సెక్షన్ పునరావాసం ప్రభుత్వ బాధ్యతంటుంది. ‘ఆర్థిక స్తోమత మేరకు’ అని ఒక సందు కూడా వదిలింది. మన బిడ్డలు ఆ సందులోనే పడిపోతున్నారు. 2023లో నంద్యాలకు మెడికల్ కాలేజీ వచ్చింది, మంచిదే. వ్యాయామం చేయించే మనిషి గేరికి రావాల. రాలేకుంటే తల్లికి ఆ దినం కూలి, దారి ఖర్చు ఇయ్యాల. సోమవారం కలెక్టరాఫీసులో ఇచ్చే అర్జీలో ఈ రెండూ రాయండి, తల్లులను ముందు నిలబెట్టండి.