జవాబు చెప్పని నాయకుడు

మీ తరగతికి ఒక నాయకుడుంటాడు. మీ కబడ్డీ జట్టుకు ఇంకొకడుంటాడు. నాయకుడి పని ఏమిటని అడిగితే, "ఎవరేం చెయ్యాలో చెప్పడం" అంటారు మీరు. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ భ్రమ నాకెలా వదిలిందో ముందు చెబుతాను.

ఒక ఆగస్టు 14 సాయంకాలం. మర్నాటి జెండా పండుగకు అన్నీ సరిచూస్తున్నాం. ఇంతలో జెండా తాడు స్తంభం పైనున్న గిలకలోంచి జారి, పక్కన ఇరుక్కుపోయింది. "నిచ్చెన తెండి!" అని కేకపెట్టాను. నిచ్చెన వచ్చింది గాని, పొట్టిదయింది. "ఇంతకన్నా పొడుగుది తెండి!" అన్నాను. అప్పుడు ఆరవ తరగతి పిల్లవాడొకడు వరుసలోంచి ముందుకు వచ్చి, "సార్..." అన్నాడు. "నీకెందుకురా? వరుసలో నిలబడు!" అని కసిరాను. వాడు తలవంచుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

చీకటిపడింది. అంత పొడుగు నిచ్చెన ఊళ్ళో దొరకలేదు. చివరకు విసిగిపోయి, "ఏరా, ఇందాక ఏదో చెప్పబోయావే?" అని వాణ్ణి అడిగాను. వాడు భయపడుతూనే, "స్తంభం మొదట్లో రెండు బోల్టులున్నాయి సార్. పైది ఊడదీస్తే స్తంభం కిందిదాని మీద వాలుతుంది. నేలమీద పడుకోబెట్టి తాడు వేసుకోవచ్చు" అన్నాడు. పావుగంటలో పని అయిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళలో ఎందరు పిల్లల ఆలోచనలను ఇలా నోట్లో ఉండగానే కసిరి వెనక్కి పంపి ఉంటాను? ఆ లెక్క ఏ హాజరు పట్టీలోనూ దొరకదు.

అది జెండా తాడు గనుక ఒక గంట కాలంతో పోయింది. ముగ్గురి ప్రాణాలు వేలాడేచోట నాయకుడు ఎలా ఉండాలి? ఈ కథ వినండి.

1970 ఏప్రిల్ 11న అమెరికా నుంచి అపోలో 13 అనే అంతరిక్ష నౌక చంద్రుడివైపు బయలుదేరింది. అందులో లోవెల్, స్విగర్ట్, హేజ్ అనే ముగ్గురు వ్యోమగాములున్నారు. భూమికి 3 లక్షల 20 వేల కిలోమీటర్లకు పైగా దూరం వెళ్ళాక, 13వ తేదీ రాత్రి, నౌకలోని ప్రాణవాయువు తొట్టి ఒకటి పేలింది. ఆ నౌకలో విద్యుత్తూ, తాగే నీరూ తయారు కావాలంటే ప్రాణవాయువే కావాలి. ఒక్క దెబ్బతో మూడూ పోయేటట్లయింది.

హ్యూస్టన్ నగరంలోని నియంత్రణ కేంద్రంలో ఆ సమయానికి నాయకుడు జీన్ క్రాంజ్. ఆయన వయస్సు 36 ఏళ్ళు. ఆయన కంగారుపడలేదు. అలాగని, అన్నీ తనకే తెలుసునన్నట్లు హుకుములూ జారీ చెయ్యలేదు. సమస్యను సాధిద్దాం గాని, ఉత్త ఊహలతో దాన్ని మరింత చిక్కు చెయ్యవద్దని తన వాళ్ళతో అన్నాడు. నీ ముందున్న యంత్రం ఏమి చూపిస్తున్నది, నౌకలో ఇంకా పనిచేసేవి ఏమున్నాయి, అని ఒక్కొక్కరినీ అడిగాడు.

పనిచేసేది ఒకటున్నది. చంద్రుడిమీద దిగడానికి తీసుకువెళ్ళిన చిన్న నౌక. వ్యోమగాములు అందులోకి మారారు. అయితే అది ఇద్దరు మనుషులకు సుమారు రెండు రోజులపాటు సరిపోయేలా చేసింది. ఇప్పుడందులో ముగ్గురు దాదాపు నాలుగు రోజులు బతకాలి.

అప్పుడు మరొక చిక్కు వచ్చింది. మనం ఊపిరి వదిలినప్పుడు బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. మూసిన గదిలో అది పెరిగిపోతే ప్రాణాపాయం. దాన్ని పీల్చుకోవడానికి నౌకలో లిథియం హైడ్రాక్సైడ్ నింపిన డబ్బాలుంటాయి. చిన్న నౌకలోని డబ్బాలు చాలవు. పెద్ద నౌకలో డబ్బాలు చాలా ఉన్నాయి గాని, అవి చదరపువి. చిన్న నౌకలో డబ్బా పెట్టే చోటు గుండ్రనిది!

ఎడ్ స్మైలీ అనే ఇంజనీరూ ఆయన బృందమూ ఈ పనికి పూనుకున్నారు. వారికి ఒకటే నియమం: నౌకలో ఉన్న వస్తువులనే వాడాలి. నేలమీద ఎంత మంచి పనిముట్టు ఉన్నా దండగే. నౌకలో ఏమేమున్నాయో లెక్క తీశారు. ప్లాస్టిక్ సంచులు, పుస్తకాల అట్టలు, వ్యోమగాముల దుస్తులకు తగిలించే గొట్టాలు, అంటుకునే పట్టీ. వాటితోనే చదరపు డబ్బాను అమర్చే ఉపాయం కనిపెట్టి, నేలమీద పరీక్షించి చూశారు. తరువాత ఒక్కొక్క మెట్టూ రేడియోలో చెబుతుంటే వ్యోమగాములు బొమ్మయినా చూడకుండా దాన్ని తయారు చేశారు. విషవాయువు తగ్గిపోయింది.

విద్యుత్తు పొదుపు భారాన్ని జాన్ ఆరన్ అనే ఇంజనీరుకు క్రాంజ్ అప్పగించాడు. ఆరన్‌కు అప్పటికి 26 ఏళ్ళు. చిన్నవాడు గదా అని ఎవరూ తీసివేయలేదు. పని తెలిసినవాడి మాటే చెల్లింది.

ఇదంతా ఆ ఒక్క రాత్రిలో వచ్చిన తెలివి కాదు. అంతకుముందు, అపోలో 10 యాత్రకు అభ్యాసం చేస్తున్నప్పుడు, ఇటువంటి ఆపదనే కల్పించి బృందాన్ని పరీక్షించారు. చిన్న నౌకను వేళకు సిద్ధం చెయ్యలేకపోయారు. ఆ అభ్యాసంలో వ్యోమగాములు "మరణించారు". ఇలాంటిది నిజంగా జరుగుతుందా అని చాలామంది కొట్టివేశారు. కొందరు ఇంజనీర్లు మాత్రం వదలక, ఆ చిక్కు మీద నెలల తరబడి పనిచేశారు. ఆ శ్రమ 1970లో అక్కరకు వచ్చింది. ఓడిపోయిన అభ్యాసాన్ని నవ్వి మరచిపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఏప్రిల్ 17న ముగ్గురూ క్షేమంగా పసిఫిక్ మహాసముద్రంలో దిగారు. మర్నాడు అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పెద్ద పతకం బహూకరించాడు. నేలమీద పనిచేసిన బృందం అంతటికీ కలిపి ఇచ్చిన పతకం అది.

చూశారా, బాలలూ! నాయకుడు ఉపాయం తానే చెప్పనక్కరలేదు. సమస్య ఏమిటో స్పష్టంగా చెప్పాలి. చేతిలో ఉన్నవేమిటో అందరికీ చూపాలి. చిన్నవాడు నోరు తెరిస్తే పెద్దవాళ్ళు మూసుకోవాలి. తప్పిన ప్రయత్నాన్ని వెక్కిరించకుండా, ఎందుకు తప్పిందో అడగాలి.

తల్లిదండ్రులకూ ఒక మనవి. ఇంట్లో ఏదైనా చెడిపోయినప్పుడు, బాగుచేసే ముందు "నీకేమైనా తోస్తున్నదా?" అని పిల్లలను ఒక్కసారి అడగండి. వాళ్ళు చెప్పింది తప్పే కావచ్చు. అయినా పూర్తిగా వినండి. సగంలో కసిరితే రెండోసారి ఆ నోరు తెరుచుకోదు. నేను చేసి చూసిన తప్పు గనుక చెబుతున్నాను.

ఇక మీకు ఈ నెల ఆట. అయిదుగురు చేరండి. రెండు పీటలను అడుగు దూరంలో పెట్టండి. రెండు పాత దినపత్రిక కాగితాలూ, మూరెడు దారమూ తీసుకోండి. వాటితోనే పీటల మధ్య వంతెన కట్టాలి. దానిమీద మీ లెక్కల పుస్తకం నిలవాలి. ఒకరు నాయకుడు. అతడు ఉపాయం చెప్పరాదు; ప్రశ్నలు మాత్రమే అడగాలి. అందరికంటే తక్కువ మాట్లాడేవాణ్ణి మొదట అడగాలి.

వంతెన ఎలా కట్టాలో చెప్పమంటారా? నేను చెప్పను. ఈ నెల పాఠం పేరు మరొకసారి చదువుకోండి!